ఎండాకాలంలో విచారణకు (పారిష్‌కు) విశ్రాంతి దొరకాలంటే ఏం చేయాలి

కర్నూలు ప్రాంతంలో పునరుత్థాన పండుగ (ఈస్టర్) వచ్చేసరికే ఎండలు ముదురుతాయి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారం శుక్రవారం సిలువమార్గం చేసి, పవిత్ర వారంలో రాత్రింబవళ్లు దేవాలయంలోనే ఉండి, జాగరణ పూజకు పాటలు నేర్చుకొని, గుడి కడిగి, పందిళ్లు వేసి అలసిన విచారణ, అంటే ఒక గురువు కింద ఉండే కథోలిక విశ్వాసుల సంఘం, ఆ అలసట తీరకముందే పెళ్లిళ్లకూ పిల్లల తరగతులకూ మే నెల జపమాలలకూ యువత శిబిరాలకూ పరుగు పెడుతుంది. వడగాడ్పులు వీచే ఆ రెండు మూడు నెలల్లో మన విచారణలు మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తాయి గాని తక్కువగా పనిచేయవు. ఈ వ్యాసం విచారణ మండలి సభ్యులకు, విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశులకు, స్త్రీల సంఘాలను నడిపే అక్కలకు, అలాగే తమ ఇంటిని ఒక క్రమంలో పెట్టుకోవాలనుకొనే కుటుంబాలకు ఉద్దేశించినది. ఈస్టర్ నుంచి బడులు తెరిచేవరకు విచారణ ఎలా నడిస్తే శరీరానికీ ఆత్మకూ నిజమైన విశ్రాంతి దొరుకుతుందో ఇందులో వరుసగా చెబుతాను.

మార్కు సువిశేషం 6వ అధ్యాయంలో, సేవకు వెళ్లి తిరిగివచ్చిన శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక లేకపోవడం చూసి, ఏకాంత స్థలానికి వచ్చి కొంతసేపు విశ్రమించమని ప్రభువే వారిని పిలుస్తారు. ఆ తరువాత జనం వెంటపడి వస్తే ఆయన విసుక్కోలేదు, వారిని చూసి జాలిపడ్డారు. ఈ రెండూ కలిపి చదవాలి. విశ్రాంతి పేరుతో గుడి తలుపులు మూయడం సరికాదు, జనం పేరుతో సేవ చేసేవారిని పస్తులు పెట్టడమూ సరికాదు. నా మట్టుకు నేను నమ్మేది ఒక్కటే: ఆధ్యాత్మిక విశ్రాంతి అనేది ఇప్పుడున్న కార్యక్రమాల పట్టికకు కొత్తగా చేర్చే మరో కార్యక్రమం కాదు, పనులు కొన్ని ఆపి, ఆపలేనివాటి భారం పంచుకుంటే తప్ప అది ఎవరికీ దక్కదు.

తగ్గించవలసిన వాటితో మొదలుపెట్టండి

మ్రానికొమ్మల ఆదివారానికి ముందే, అంటే పవిత్ర వారపు హడావుడి మొదలుకాకముందే, విచారణ గురువులతో కలిసి మండలి ఒక గంట కూర్చోవాలి. పెద్ద క్యాలెండరు ఒకటి ముందు పరుచుకొని పాస్కా కాలం, అంటే ఈస్టర్ నుంచి పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ) వరకు ఉండే యాభై రోజులు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీయండి. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 వరకు ఏ ఆదివారమైనా రావచ్చు గనుక ఏటేటా లెక్క మారుతుంది. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న, పెంతెకోస్తు మే 24న వస్తాయి. 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తుంది, పెంతెకోస్తు మే 16న ముగిసిపోతుంది. అటువంటి ఏడాదిలో పండుగ తరువాత కూడా చాలా ఎండ మిగిలి ఉంటుంది కాబట్టి ప్రణాళికను పెంతెకోస్తుతో ఆపకుండా జూన్‌లో బడులు తెరిచేవరకు తీసుకుపోవాలి.

తరువాత, కిందటేడు ఆ నెలల్లో విచారణలో ఏమేమి జరిగాయో అన్నీ రాయండి. ఒక్కొక్కదాని ఎదుట నిలబడి, ఇది ఈ ఏడు ఆగితే ఎవరికి నష్టమని అడగండి. ఆదివారం పూజ, వ్యాధిగ్రస్తులకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) అందించడం, వారికి నూనె పూసి ప్రార్థించే అభ్యంగనం, సమాధి కార్యక్రమాలు, ముందే నిశ్చయమైన పెళ్లిళ్లు ఆగవు. క్విజ్ పోటీలు, పాటల పోటీలు, వార్షికోత్సవాలు, మైకు పెట్టి అర్ధరాత్రి వరకు నడిపే సభలు ఆగగలవు. వాటిలో మంచివాటిని సెప్టెంబరు, అక్టోబరు నెలలకు జరిపితే జనం కూడా ఎక్కువగా వస్తారు. చందాల విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను: మే నెలలో ఇంటింటికీ తిరిగి వసూలు చేయవద్దు. పొలం పనులు లేని కాలం, పిల్లల ఫీజులు ఎదురుగా ఉన్న కాలం. ఫాదర్ గారు వస్తున్నారంటే తలుపు తీయడానికి వెనకాడే పరిస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

మూడవది చాలామంది మరిచిపోయేది. విశ్రాంతిదినాన్ని గురించి నిర్గమకాండం 23వ అధ్యాయం 12వ వచనం చెప్పేటప్పుడు, ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి తెప్పరిల్లాలని కారణం చెబుతుంది. ఇంటి యజమాని పడుకుంటే సరిపోదు, అతని కింద పనిచేసేవారు కూడా ఊపిరి పీల్చుకోవాలి. ఈ వచనాన్ని మీ విచారణకు పెట్టి చూడండి. గుడి ఊడ్చే ఆమె ఎవరు? పూజావస్త్రాలు ఉతికి ఇస్త్రీ చేసేది ఎవరు? ఫాదర్ గారి బంగళాలో వంట చేసే అమ్మకు ఈ ఏడాదిలో ఎన్ని ఆదివారాలు సెలవు దొరికింది? ఉపదేశి గారు తన సొంత ఊరికి, తన అల్లుడింటికి వెళ్లి ఎంతకాలమైంది? ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరికి కనీసం ఒక వారం పూర్తి సెలవు, ఆ వారం వారి పని ఎవరు చేస్తారో వారి పేరుతో సహా రాయండి. జీతం తీసుకొనేవారికి ఆ వారం జీతం కోయకూడదు.

ఈ జాబితాలో విచారణ గురువుల పేరు కూడా ఉండాలి. 1983 నాటి తిరుసభ (కథోలిక సంఘం) చట్టం 533వ నియమం ప్రకారం విచారణ గురువులు ఏడాదికి ఒక నెల వరకు సెలవు తీసుకోవచ్చు, ఏటా చేసే ధ్యానం రోజులు ఆ నెలలో లెక్కకు రావు. అయినా మన దగ్గర ఫాదర్ గారు పది రోజులు ఊరికి పోతే, వారు ఎక్కడికి పోయారని గుసగుసలు పుడతాయి. ఆ మాటలు పుట్టకుండా మండలే ముందుకు వచ్చి, వారు ఫలానా తేదీల్లో సెలవులో ఉంటారని, ఆ రోజుల్లో అత్యవసరమైతే ఏ విచారణను సంప్రదించాలో పూజ తరువాత ప్రకటిస్తే మంచిది.

పూజ వేళలు, ఉపవాస నియమం

కర్నూలు మేత్రాసనం (బిషప్ పాలన కింద ఉండే ప్రాంతం) 1967లో ఏర్పడింది. కర్నూలు, అనంతపురం ప్రాంతాలు రెండూ దాని కిందికే వస్తాయి. ఇంత విశాలమైన మెట్ట ప్రాంతంలో ఒక్కొక్క విచారణ కింద అనేక గ్రామాలు ఉండటం మామూలు. గురువుల కొరత ఉన్నచోట మేత్రాణుల (బిషప్ గారి) అనుమతితో ఒకే గురువు ఆదివారం మూడు పూజలు చేయవచ్చునని అదే చట్టం 905వ నియమం చెబుతుంది. చలికాలంలో అది జరిగిపోతుంది. మే నెలలో మాత్రం ఆ మూడవ పూజ పదకొండు గంటలకు మొదలై మిట్టమధ్యాహ్నానికి ముగుస్తుంది. రేకుల కప్పు కింద ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూర్చోవలసి వస్తుంది, ఫాదర్ గారు ఆ ఎండలోనే మోటారు సైకిలు మీద తిరిగివస్తారు.

దీనికి దారి ఉంది. ఏ గ్రామానికి మూడవ పూజ పడుతుందో ఆ గ్రామానికి శనివారం సాయంత్రం పూజ పెట్టండి. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత నెరవేరినట్టేనని 1248వ నియమం స్పష్టంగా చెబుతుంది, ఈ మాట జనానికి ముందే వివరించకపోతే ‘మాకు ఆదివారం పూజ తీసేసినారు’ అనే బాధ మిగులుతుంది. ప్రతిసారీ ఒకే గ్రామం శనివారానికి మారకుండా, రెండు మూడు వారాలకు ఒకసారి గ్రామాలను మార్చండి. మొదటి పూజ ఉదయం ఆరు గంటలకే మొదలవ్వాలి. ప్రసంగం పది నిమిషాలకు మించకూడదు, ప్రకటనలు రెండు నిమిషాల్లో అయిపోవాలి. మామూలు రోజుల్లో ఉదయం పూజ పెట్టేచోట ఉపాధి హామీ పనికి పోయేవారిని దృష్టిలో పెట్టుకోవాలి. ఎండకు భయపడి వారు తెల్లవారుజామునే తట్ట, గడ్డపార పట్టుకొని బయలుదేరుతారు. వారికి పొద్దున పూజ అందదు. వారంలో కనీసం రెండు రోజులు సాయంత్రం ఏడు గంటలకు పూజ ఉంటే, పగలంతా మట్టి తవ్వినవారు కూడా స్నానం చేసి చల్లపొద్దున వచ్చి కూర్చోగలరు.

దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి ముందు పాటించే ఉపవాసం గురించి ఒక మాట ప్రతి వేసవిలోనూ ప్రకటించాలి. ఒక గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్నది నియమం. నీళ్లు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. వృద్ధులకు, జబ్బుపడినవారికి, వారిని చూసుకొనేవారికి ఆ ఒక గంట నియమం కూడా వర్తించదు. ఇది 919వ నియమంలో ఉన్నదే, కొత్తగా ఇచ్చిన సడలింపు కాదు. పూర్వపు అలవాటు కొద్దీ తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా పూజకు వచ్చే అవ్వలు మన గ్రామాల్లో ఇప్పటికీ ఉన్నారు. వారి భక్తికి నమస్కరిస్తూనే, నీళ్లు తాగి రమ్మని వారి పక్కన కూర్చొని నచ్చజెప్పాలి. మైకులో చెబితే వారు వినరు.

దేవాలయాన్ని ఎండకు సిద్ధం చేయడం

మార్చి నెలలోనే కప్పు మీద తెల్లసున్నం రెండు పూతలు వేయించండి. రేకులైనా, కాంక్రీటైనా, పాత బండల మిద్దె అయినా తెలుపు ఎండను తిప్పికొడుతుంది, లోపలి వేడి తగ్గడం కూర్చున్నవారికి తెలుస్తుంది. కిటికీలను సూర్యోదయానికి ముందే తెరిచి, ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా పడమటివైపువి మూసి, తడిపిన గోనెపట్టలు వేలాడదీయండి. సాయంత్రం పూజకు గంట ముందు వాకిట్లో నీళ్లు చల్లి, కానుగ చెట్టు కిందనో వేపచెట్టు కిందనో చాపలు పరిస్తే దేవాలయం లోపల కంటే అక్కడే హాయిగా ఉంటుంది. ఆరుబయట పూజ చేయడానికి ఫాదర్ గారి అనుమతి తీసుకోండి. కరెంటు పోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మైకు లేకుండా వినిపించేలా చదవగల పాఠకులను ముందే ఎంచుకోవాలి.

పీఠం మీద పెట్టే క్రొవ్వొత్తులు ఈ నెలల్లో వెలిగించకుండానే నడుము దగ్గర వంగిపోతాయి. వాటిని నిలబెట్టి ఉంచకుండా బట్టలో చుట్టి, బీరువా అడుగు అరలో పడుకోబెట్టి, పూజ మొదలయ్యే ముందు మాత్రమే బయటికి తీయండి. పెంతెకోస్తు వరకు ప్రతి పూజకూ వెలగవలసిన పాస్కా క్రొవ్వొత్తిని కిటికీ ఎండ తగలని వైపుకు జరపండి.

తాగునీటి ఏర్పాటు ప్రధానం. దేవాలయం లోపల కాదు, రోడ్డువైపు గేటు దగ్గర చలివేంద్రం పెట్టండి, దారిన పోయేవారు ఏ మతం వారైనా ఆగి తాగాలి. మట్టికుండలకు చుట్టూ తడి గోనె కట్టి, కింద ఇసుక పోసి, పైన మూత, చేయి ముంచకుండా తీసే కాడ గరిటె పెట్టండి. చలివేంద్రాలు మొదటి వారం బాగా నడిచి, మూడవ వారానికి కుండలు ఎండిపోవడం మనం చూస్తూనే ఉంటాం. నింపే బాధ్యత ఎవరిదో తెలియకపోవడమే దానికి కారణం. పేదలకు సాయపడే విన్సెంట్ డి పాల్ సంఘం వంటిది మీ విచారణలో ఉంటే వారంలో ఏ రోజు ఎవరు నింపాలో, కుండలు ఎవరు కడగాలో వారికి అప్పగించి, పేర్లు గేటుకే అంటించండి.

పూజలో ఎవరైనా సొమ్మసిల్లితే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో ఒళ్లు తుడవాలి. మెలకువగా ఉంటేనే నీళ్లు తాగించాలి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపిన నీళ్లు పూజ రోజుల్లో ఒక బాటిలు సిద్ధంగా ఉంచండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, ఎక్కడున్నదీ తెలియనట్టు మాట్లాడినా అది వడదెబ్బ. ప్రార్థన చేస్తూ ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి, బండి వచ్చేవరకు ఒంటిని తడుపుతూనే ఉండాలి.

వారానికి ఒక మౌన ఘడియ

ఇంతవరకు చెప్పినదంతా శరీరానికి కావలసిన ఏర్పాటు. ఆ ఏర్పాటు అయ్యాక, వారానికి ఒక సాయంత్రం, గురువారం అయితే మంచిది, ఆరున్నర నుంచి ఏడున్నర వరకు దేవాలయంలో మౌన ఘడియ పెట్టండి. ఫాదర్ గారు ఉన్న రోజు దివ్యసత్ప్రసాద ఆరాధన, ఆశీర్వాదంతో చేయవచ్చు. వారు లేని వారం దివ్యసత్ప్రసాదం భద్రపరిచే దివ్యమందసం ముందు కూర్చొని చేయవచ్చు, దానికి ఏ లోటూ లేదు.

మన ప్రార్థనలు పాటతో మొదలై పాటతో ముగుస్తాయి, మధ్యలో ఖాళీ ఉండదు. ఒక నిమిషం మౌనం వచ్చిందంటే ఎవరో ఒకరు కీర్తన ఎత్తుకుంటారు. అందువల్ల మౌనాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మొదటి వారం అయిదు నిమిషాలకు మించవద్దు, వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ మే చివరికి పావుగంటకు రండి. మైకు ఆపేయండి, కీబోర్డు వద్దు. ఒక పాట, చిన్న ప్రార్థన అయ్యాక, సువిశేషం నుంచి ఒక్క ఘట్టం నెమ్మదిగా చదివించండి. చదువురాని పెద్దలకు కూడా పూర్తిగా అందాలి కాబట్టి అదే ఘట్టాన్ని కొంత విరామం ఇచ్చి రెండవసారి మరొకరి గొంతుతో చదివించండి. ఏ మాట నా దగ్గర ఆగింది అని ఎవరికి వారు లోపల చూసుకోవాలని మాత్రం చెప్పి, తరువాత మౌనం. వివరణలు, సాక్ష్యాలు, ప్రసంగాలు వద్దు. మౌనం ముగిశాక పరలోక జపం అందరూ కలిసి చెప్పి వెళ్లిపోవాలి.

మొదటి వారానికి యోహాను సువిశేషం 4వ అధ్యాయంలోని సమరియ స్త్రీ ఘట్టాన్ని ఎంచుకోండి. ప్రభువు నడిచి నడిచి అలసి, మిట్టమధ్యాహ్నం యాకోబు బావి దగ్గర కూర్చొని ఉన్నారు, శిష్యులు తినడానికి ఏమైనా కొనడానికి ఊళ్లోకి పోయారు, ఆయన దగ్గర చేద కూడా లేదు, నీళ్లకు వచ్చిన స్త్రీని దాహం అడిగారు. పత్తికొండ, ఆలూరు వైపు పల్లెల్లో ఎండకు బిందె పట్టుకొని నీళ్లకు నడిచిన స్త్రీకి ఈ ఘట్టం ఎవరూ వివరించనక్కరలేదు. దేవుడు అలసిపోయి కూర్చున్నాడని, ఆ అలసటను దాచుకోలేదని వినడంలోనే ఆమెకు ఊరట ఉంది. ఆ తరువాతి వారాలకు మార్తమ్మ మరియమ్మల ఇల్లు, తుఫానులో పడవలో నిద్రించిన ప్రభువు, ఎమ్మావు దారి, 131వ కీర్తనలోని తల్లి ఒడిలో పసిబిడ్డ తీసుకోవచ్చు.

రెండు చిక్కులు తప్పక వస్తాయి. చంటిపిల్లలు ఏడుస్తారు, ఆ తల్లులను ఎవరూ వెనక్కి తిరిగి చూడవద్దు, తలుపు దగ్గర వారికి చాప వేసి, మంచినీళ్లు పెట్టండి. ఇక కొందరికి నిద్ర వస్తుంది. పొద్దున అయిదింటికి లేచి పనికి పోయినవారికి చీకటి పడే వేళ చల్లగా కూర్చుంటే నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? వారిని తట్టి లేపకండి. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో, ఇక చాలు, ప్రాణం తీసుకోమని దేవుణ్ణి వేడుకొని ఎడారిలో పొద కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఉపదేశం చెప్పలేదు. వేడి రాళ్లపై కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు పెట్టాడు. ప్రవక్త తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండవసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ మీద మెల్లని స్వరం వినిపించింది ఆ తరువాతనే. దేవుని ముందు నిద్రపోయినవాడిని దేవుడు తప్పుపట్టడు, మనమూ పట్టవద్దు.

మే నెల జపమాల

మే నెలలో ఇంటింటా జపమాల చెప్పుకోవడం మన విచారణలకు ప్రాణం వంటిది, దానిని ఆపమని నేను అనను. అయితే జపమాల వచ్చే ఇంట్లో ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే పొయ్యి దగ్గర నిలబడి నలభై మందికి ఉగ్గానీ, బజ్జీ చేస్తున్నారంటే, వారు ఆ రోజు జపమాల చెప్పడం లేదు, వంట చేస్తున్నారు. ఒక ఇంట్లో పెట్టినది మరో ఇంట్లో పెట్టలేక, తమ వంతు రాకుండా తప్పించుకొనే పేద కుటుంబాలు కూడా ఉన్నాయి. కాబట్టి నెల మొదటి రోజునే ఫాదర్ గారి చేత ఒక నియమం ప్రకటింపజేయండి: జపమాలకు వచ్చినవారికి మజ్జిగ గాని, నిమ్మకాయ నీళ్లు గాని ఇవ్వాలి, మరేదీ పెట్టకూడదు. ఉన్నవారికీ లేనివారికీ ఒకటే నియమం. ఉన్నవారు ఇంకా ఏదైనా చేయాలనుకుంటే ఒక బుట్ట బేనీషా మామిడిపండ్లు జబ్బుపడినవారి ఇళ్లకు పంపవచ్చు.

వేళ ఏడున్నరకు పెట్టి, వీలైతే మిద్దె మీద చేయండి. జపమాలలో ధ్యానించే యేసు, మరియమాతల జీవిత ఘట్టాలే దేవరహస్యాలు: సోమవారం, శనివారం సంతోష దేవరహస్యాలు, మంగళవారం, శుక్రవారం దుఃఖ దేవరహస్యాలు, బుధవారం, ఆదివారం మహిమ దేవరహస్యాలు, గురువారం 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు చేర్చిన వెలుగు దేవరహస్యాలు. ఒక్కొక్క రహస్యం ప్రకటించిన తరువాత, మంగళవార్త జపం మొదలుపెట్టేముందు పది శ్వాసల సేపు ఆగండి. జపమాల పరుగు తగ్గి ధ్యానంగా మారడానికి ఈ ఒక్క మార్పు చాలు. మరియమాత స్వరూపానికి మల్లెలు సాయంత్రమే కట్టి వేయండి, పొద్దున వేసినవి మధ్యాహ్నానికే వాడిపోతాయి. పాస్కా కాలమంతా, రోజుకు మూడుసార్లు మరియమాతను తలచుకొని చెప్పే త్రికాల జపానికి బదులు పరలోక రాణిని కీర్తించే పాస్కా జపం నిలబడి చెప్పాలన్న సంగతి కూడా పిల్లలకు ఈ నెలలోనే నేర్పవచ్చు.

పిల్లలకు

ప్రథమ దివ్యసత్ప్రసాదానికి తయారయ్యే పిల్లలకు తరగతులు అవసరమే. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు, రెండు వారాలు, అంతకంటే ఎక్కువ వద్దు. తరగతి గదిలో వరుసలు కట్టించి రాయించడం కంటే గుడిలోకి తీసుకుపోయి జ్ఞానస్నానపు తొట్టి, గురువు దగ్గర పాపాలు ఒప్పుకొని పాపసంకీర్తనం చేసే చోటు, దివ్యమందసం దగ్గర వెలిగే దీపం చూపిస్తూ చెప్పడం మేలు. బెంగళూరుకు, గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయి తిరిగివచ్చిన కుటుంబాల పిల్లలు మధ్యలో చేరితే, ఆలస్యమైందని వెనక్కి పంపవద్దు. పెద్దలకు కూడా పాస్కా కాలంలో కనీసం ఒక్కసారి దివ్యసత్ప్రసాదం తీసుకోవలసిన బాధ్యత ఉంది కనుక, వలస నుంచి వచ్చినవారికి పాపసంకీర్తనం వేళలు ప్రత్యేకంగా చెప్పించండి.

తొమ్మిదిన్నరకు పిల్లలను పంపేటప్పుడు ఎవరు ఎవరితో ఇంటికి పోతున్నారో చూసుకోండి. తుంగభద్ర మడుగుల్లో, కె.సి. (కర్నూలు-కడప) కాలువలో, పాడుబడిన బావుల్లో ఈతకు దిగి పిల్లలు చనిపోవడం మన ప్రాంతంలో ఏ వేసవికీ తప్పడం లేదు. తల్లిదండ్రులు పనిలో ఉన్న ఇళ్ల పిల్లలు మధ్యాహ్నం నాలుగు వరకు విచారణ హాలులో ఉండి ఆడుకోవడానికి, పడుకోవడానికి అనుమతి ఇచ్చి, రోజుకు ఇద్దరు పెద్దలను కాపలా పెడితే అది ఏ శిబిరం కంటే గొప్ప సేవ.

ఒక రోజు ధ్యానం

వారం రోజులు ధ్యాన కేంద్రానికి వెళ్లగలిగేవారు కొద్దిమంది. కూలి పోగొట్టుకోలేనివారికి, ఇల్లు వదలలేనివారికి విచారణలోనే ఒక ఆదివారం ధ్యానదినం పెట్టండి. ఉదయం ఆరు గంటల పూజతో మొదలుపెట్టి, ఉప్మా, టీ తరువాత ఒకే ఒక్క ప్రసంగం, అటుపైన పదకొండు వరకు ఎవరికి వారు చెట్టు కింద మౌనం. ఆ సమయంలో పక్క విచారణ గురువులను పిలిపించి పాపసంకీర్తనం వినిపించండి. సొంత ఫాదర్ గారి దగ్గర చెప్పుకోవడానికి మొహమాటపడేవారు అప్పుడు ధైర్యంగా వస్తారు. పన్నెండుకు రాగి సంకటి, పప్పు, మజ్జిగ. ఒంటిగంట నుంచి మూడున్నర వరకు అందరూ పడుకోవాలి, ఇది పట్టికలో రాసి ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు ఆ ఖాళీలో సమావేశం పెడతారు. నాలుగు గంటలకు ఆరాధన, అయిదున్నరకు ఇళ్లకు.

ఈ రోజును ముందు తల్లులకు పెట్టండి. ఆ ఆదివారం వారి ఇళ్లలో వంట, పిల్లలు, పశువులు మగవారి బాధ్యత అని వారం ముందే పూజలో ప్రకటించాలి. ఆ రోజు భోజనం వండి వడ్డించేది కూడా విచారణలోని మగవారే కావాలి. మరుసటి నెల వంట చేసిన ఆ మగవారికి ధ్యానదినం. వేసవి సెలవుల్లో వేళాంగణ్ణికి, గుణదలకు యాత్రలు పోయేవారు కూడా ఈ క్రమాన్ని మనసులో పెట్టుకోవాలి. రిజర్వేషన్ లేని రైలులో చంటిబిడ్డతో నిలబడి పోయి, పరుగున మొక్కు తీర్చి, అప్పుతో తిరిగిరావడం కంటే, ఒక ఏడాది ఆగి చల్లని కాలంలో వెళ్లి అక్కడ రెండు రాత్రులు ఉండి ప్రార్థించుకోవడం మంచిది. మాత ఎక్కడికీ పోరు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో

ఆరాధనకు, ప్రభుదినపు సంతోషానికి, మనసుకూ శరీరానికీ తగిన విశ్రాంతికి అడ్డువచ్చే పనులను ఆదివారం మానుకోవాలని 1247వ నియమం అడుగుతుంది. కూలికి పోక తప్పని ఇంటిని ఈ నియమంతో గద్దించకూడదు, చేతనైన ఇంటివారు మాత్రం దీన్ని గట్టిగా పట్టుకోవాలి. శనివారమే సగం వంట సిద్ధం చేసుకొని, ఆదివారం మధ్యాహ్నం పొయ్యి వెలిగించకుండా ఉండటానికి ప్రయత్నించండి. పన్నెండు నుంచి మూడు వరకు టీవీ, ఫోన్లు ఒక అరలో పెట్టి, ఎవరు పడుకోవాలంటే వారు పడుకోవాలి. మీ ఇంట్లో పనిమనిషి ఉంటే ఆదివారం ఆమెను రావద్దనండి.

పెంతెకోస్తు తరువాత

పెంతెకోస్తు ఆదివారం చివరి పూజ తరువాత పాస్కా క్రొవ్వొత్తిని పీఠం దగ్గర నుంచి జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి మార్చండి. మరునాడు సోమవారం, 2018 నుంచి తిరుసభ మాత అయిన మరియమాత స్మరణ రోజు. ఆ సాయంత్రం మండలి మళ్లీ కూర్చొని, మార్చిలో ఆపిన పనుల జాబితాను బయటికి తీయాలి. రెండు నెలలు లేకపోయినా ఎవరూ అడగనివి ఏవో అప్పుడు తెలుస్తాయి. వాటిని తిరిగి మొదలుపెట్టనక్కరలేదు. మౌన ఘడియకు వచ్చినవారు కొనసాగించమంటే జూన్‌లో, యేసు తిరుహృదయ మాసంలో కూడా అదే గురువారం కొనసాగించండి.

ఆ రాత్రే రెండవ జాబితా కూడా చూడాలి. చలివేంద్రం కుండలు నింపినవారు, మధ్యాహ్నం పిల్లలకు కాపలా ఉన్నవారు, సెలవుపై పోయినవారి బదులు గుడి ఊడ్చినవారు ఎవరెవరో రాసి, వానలు పడి విత్తనం పనులు మొదలయ్యేలోపల వారిలో ప్రతి ఒక్కరికీ ఒక వారం కేటాయించండి. ఆ వారం విచారణ వారిని ఏ పనికీ పిలవకూడదు.